ఫోన్‌లో అడిగిన ప్రశ్నలే మా ట్రావెల్స్ వెబ్‌సైట్‌ను మార్చాయి

మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఒంటి గది ఆఫీసు, బయట నాలుగు బండ్లు. రెండు డిజైర్లు, ఒక ఎర్టిగా, ఒక ఇన్నోవా. ఒకప్పుడు అద్దె అంబాసిడర్ తోలిన మనిషి మా నాన్న, ఇప్పటికీ బండ్లూ డ్రైవర్లూ ఆయన చూసుకుంటారు. ఫోన్లు, బుకింగులు, లెక్కలు నావి. వెబ్‌సైట్ కూడా నా మీదే పడింది. డబ్బులిచ్చి చేయించుకున్న సైట్ వల్ల ఆరేళ్లు ఏమీ రాలేదు, చివరికి ఇంట్లోవాళ్లమే కూర్చుని మొత్తం మార్చుకున్నాం. మాలాగా బయటూరి జనం మీద బతికే చిన్న వ్యాపారాలవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి సైట్ 2018లో చేయించాం. తెరవగానే శేషాచలం కొండలు, గోపురం, బ్రహ్మోత్సవాల వాహన సేవ, ఇలా అయిదు పెద్ద ఫోటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ పోయేవి. కింద ఎర్ర అక్షరాల్లో స్వాగతం చెబుతూ పరిగెత్తే లైను. దాని కింద మా సంస్థ చరిత్ర, మా ఆశయం, మా విలువలు అంటూ మూడు పేరాలు. మాకు అప్పుడు చాలా నచ్చింది. ఆఫీసుకు ఎవరొచ్చినా నాన్న కంప్యూటర్ తిప్పి చూపించేవారు. కానీ "మీ సైట్ చూసి ఫోన్ చేస్తున్నాం" అనేవాళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో. మిగతా గిరాకీ అంతా పాత పార్టీలు, తెలిసిన లాడ్జీల రిసెప్షన్లు, స్టేషన్ దగ్గర స్టాండు. సైట్ అంటే విజిటింగ్ కార్డు లాంటిది, అది ఉంటే చాలు అనుకుని వదిలేశాం.

2024 వేసవిలో గుంటూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. తెలిసిన లాడ్జి వాళ్లు పంపారు. కాళహస్తి వెళ్లొచ్చాక డబ్బులిస్తూ ఆ పెద్దాయన, "నిన్న రైల్లోనే మీ సైట్ చూశానమ్మా, మీరే అని తెలియదు" అన్నారు. వెంకటగిరి దాటాక తెరిచారట. చాలాసేపు తెల్లగా ఉండి, తర్వాత ఒక గోపురం సగం వచ్చి ఆగిందట. ఇంకాసేపటికి ఫోన్ నంబర్ కనిపించింది గానీ నొక్కితే కాల్ వెళ్లలేదు, ఎందుకంటే ఆ నంబర్ పైనున్న బొమ్మలో ఒక భాగం. పెన్ను తీసి టికెట్ ప్రింటు వెనక రాసుకున్నారు. అందులో ఒక అంకె 3 అనుకుని కొట్టారు, అది 8. ఎవరో వేరేవాళ్లు ఎత్తారు. ఇక వదిలేసి స్టేషన్ దగ్గర కారు మాట్లాడుకుని లాడ్జికి వెళ్లిపోయారు.

ఆయన ఫోన్ అడిగి తీసుకుని చూశాను. నిజం చెప్పాలంటే మా సైట్‌ను వేరేవాళ్ల ఫోన్‌లో చూడటం నాకు అదే మొదటిసారి. ఆఫీసు కంప్యూటర్‌లో నిండుగా కనిపించే పేజీ అక్కడ పేనంత అక్షరాలతో ఉంది, వేళ్లతో లాగి పెద్దది చేసుకుంటే గానీ ఏదీ చదవలేం. మా ఆశయం, మా విలువలు చక్కగా ఉన్నాయి. ఆయనకు కావలసింది మాత్రం ఎక్కడా లేదు. కాళహస్తికి ఎంత, ఏడుగురికి ఏ బండి, రాత్రి వస్తే డ్రైవర్ ఉంటాడా, ఈ మూడే. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలా ఎంతమంది తిరిగిపోయి ఉంటారు?

మా పిన్ని కొడుకు బెంగళూరులో వెబ్‌సైట్ల పనే చేస్తాడు. ఫోన్ చేసి, కొత్త సైట్ చేసిపెట్టరా అన్నాను. వాడు డిజైన్ మాట ఎత్తలేదు. "అక్కా, ముందు నీకు ఫోన్ చేసేవాళ్లు ఏమడుగుతా ఉండారో రాయి. మూడు వారాలు రాయి. తర్వాత చూద్దాం" అన్నాడు. నాకు అర్థం కాలేదు గానీ ఒక రూళ్ల నోట్‌బుక్ కొని ఫోన్ పక్కన పెట్టాను. వాళ్లు ఏ మాటలతో అడిగారో ఆ మాటల్లోనే రాయాలి, నా మాటల్లోకి మార్చకూడదు అని వాడు గట్టిగా చెప్పాడు. ఈ పనంతటిలో నాకు అందిన అతి మంచి సలహా అదే.

మూడు వారాలయ్యాక నోట్‌బుక్ తిరగేస్తే నాకే ఆశ్చర్యం. వందకు పైగా కాల్స్, కానీ ప్రశ్నలు పదిహేను దాటలేదు. సగానికి పైగా మొదటి మాటే రేటు. ఆ తర్వాత, "కొండపైకి మీ కారే వస్తుందా, అలిపిరి దగ్గర మారాలా?" మేం రోజూ ఎక్కి దిగే దారి కాబట్టి అది కూడా ఒక సందేహమే అని మాకు ఎప్పుడూ తట్టలేదు. "లగేజీతో ఎంతమంది పడతారు?" "కాణిపాకం, కాళహస్తి ఒక్క రోజులో అవుతాయా?" "రాహుకేతు పూజకు ఎంతసేపు పడుతుంది, అంతవరకు కారు ఆగుతుందా?" "రెండింటికి రైలు దిగుతాం, అప్పుడే కొండపైకి పోవచ్చా?" "దర్శనం టికెట్లు మీరే ఇప్పిస్తారా?" "తమిళం వచ్చిన డ్రైవర్ ఉన్నాడా?" "అమ్మ నడవలేదు, గుడికి ఎంత దగ్గరగా దింపుతారు?" మా సంస్థ చరిత్ర గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు.

కొత్త సైట్‌కు ఆ నోట్‌బుక్కే ప్లాన్ అయింది. ఎక్కువమంది అడిగింది పైన, తక్కువమంది అడిగింది కింద. మొదటి తెరలో మా పేరు, "తిరుపతి నుంచి తిరుమల, కాళహస్తి, కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపుల్, డ్రైవర్‌తో కార్లు" అనే ఒక్క లైను, ఒక కారు ఫోటో, కాల్ బటన్, వాట్సాప్ బటన్. అంతే. పేజీ ఎంత కిందికి జరిపినా ఆ రెండు బటన్లు తెర అడుగున బొటనవేలికి అందేలా అలాగే ఉంటాయి.

రేట్ల దగ్గర మాత్రం ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. "రేటు పెడితే పక్కనోడు చూసి నూరు తగ్గిస్తాడు. ఫోన్ చేయనీ, మాట్లాడి చెప్తాం. సీజన్ని బట్టి ఉండాది కదా రేటు" అని నాన్న. ముప్ఫై ఏళ్లు ఈ పని చేసిన మనిషి మాట, కొట్టిపారేయలేను. నోట్‌బుక్ చూపించాను. ఒప్పుకోలేదు. పది రోజులు అలాగే గడిచాయి. ఒక ఆదివారం పొద్దున నేనూ నాన్నా రేణిగుంట రోడ్డు వైపు పని మీద వెళ్లి టిఫిన్‌కు ఆగాం. పక్కపక్కన రెండు హోటళ్లు, రెండూ మాకు కొత్తే. నాన్న నేరుగా ఒకదాంట్లోకి నడిచారు. కూర్చున్నాక అడిగాను, ఇందులోకే ఎందుకొచ్చాం నాన్నా అని. గోడ మీది బోర్డు చూపించి, "రేట్లు రాసి పెట్టినారు కదమ్మా, ఎంతైతుందో తెలస్తాది" అన్నారు. అని, దోసె తుంచబోతూ ఆగి నా వైపు చూశారు. ఇంటికొచ్చాక రేట్లు ఆయనే చెప్పారు, నేను రాసుకున్నాను.

రేటు పెట్టడంలో కూడా ఒక పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. కిలోమీటరుకు ఇంత అని రాస్తే బయటూరి వాళ్లకు ఏమీ తెలియదు, తిరుపతి నుంచి కాళహస్తి సుమారు 38 కిలోమీటర్లు, కాణిపాకం సుమారు 70 అని వాళ్లకెలా తెలుస్తుంది? అందుకే ఒక్కో ట్రిప్పుకు, ఒక్కో బండికి, పోనూ రానూ మొత్తం ఒకే అంకె. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా అందులో ఉన్నాయో లేవో పక్కనే. ఎన్ని గంటలు, దాటితే గంటకు ఎంత. వైకుంఠ ఏకాదశికి, బ్రహ్మోత్సవాలకు రేటు మారుతుందని, గరుడసేవ రోజు ఘాట్ రోడ్డు మీద ఆంక్షలుంటాయని కూడా అక్కడే. ట్రిప్ ముగిశాక "ముందే చెప్పలేదే" అనే గొడవలు మాకు అంతకుముందు వారానికొకటైనా ఉండేవి. డ్రైవర్లకూ మనశ్శాంతి లేదు, దర్శనం చేసుకుని ప్రశాంతంగా వచ్చిన వాళ్లకూ లేదు. ఇప్పుడు అలాంటి గొడవ ఎప్పుడో గానీ రాదు. పక్కనోడు నూరు తగ్గించాడా అంటే, కొందరు తగ్గించారు. అయినా మాకు కాల్స్ తగ్గలేదు.

టికెట్ల సంగతి కూడా ముందు పేజీలోనే పెట్టాను. దర్శనం టికెట్లు మేం ఇవ్వం, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ టీటీడీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద మీరే తీసుకోవాలి, ఎవరైనా ఎక్కువ డబ్బుకు ఇప్పిస్తామంటే నమ్మకండి అని. మా డ్రైవర్లలో ఒకాయన భయపడ్డారు, "ఇట్లా రాస్తే జనం పక్కకు పోతారమ్మా" అని. నేను తీయలేదు. టికెట్ల పేరుతో మోసపోయి, తిరుపతి అంటేనే అనుమానంతో దిగేవాళ్లను నేను ఎంతమందిని చూశానో. ఈ రెండు లైన్లు చదివాకే మీకు ఫోన్ చేశాం అని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక ఫోటోలు. గోపురాల ఫోటోలు తీసేయాలంటే నాకే మనసొప్పలేదు. కానీ తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "అక్కా, గుడి వాళ్లకు తెలుసు, గుడి కోసమే వస్తా ఉండారు. వాళ్లకు తెలియంది నీ కారు." ఒక పొద్దున ఆరున్నరకు నాలుగు బండ్లు కడిగించి అలిపిరి రోడ్డుకు తీసుకుపోయాం. ఎండ ముదరక ముందు, వెనక కొండ కనిపించేలా, మామూలు ఫోన్‌తోనే తీశాను. ముందు నుంచి నంబర్ ప్లేటు కనిపిస్తూ ఒకటి, లోపల సీట్లు ఒకటి, డ్రైవర్ నిలబడి ఒకటి. అన్నిటికన్నా పనికొచ్చినవి డిక్కీ ఫోటోలు.

ఎర్టిగాకు డ్రైవర్‌తో కలిపి ఏడు సీట్లు. కానీ వెనక వరస సీట్లు వేసి ఉంటే డిక్కీలో పెద్ద సూట్‌కేసు పట్టడం కష్టం, చిన్న బ్యాగులే. ఆ వరస మడిస్తే చోటు ఉంటుంది గానీ డ్రైవర్ కాక మనుషులు నలుగురే. ఆరుగురు, ఆరు బ్యాగులు అనుకుని వచ్చి, స్టేషన్ బయట ఒడిలో బ్యాగులు పెట్టుకుని మమ్మల్ని తిట్టుకుంటూ ఎక్కినవాళ్లు ఎందరో. అందుకే రెండు ఫోటోలు పక్కపక్కనే పెట్టాను. ఒకదాంట్లో సీట్లు వేసి, రెండు చేతిబ్యాగులు. ఇంకోదాంట్లో సీట్లు మడిచి, మా ఇంట్లోవే నాలుగు సూట్‌కేసులు. కింద ఒక్క లైను, "ఆరుగురికి లగేజీ ఎక్కువుంటే ఇన్నోవా తీసుకోండి, లేదా కారియర్ కావాలని ముందే చెప్పండి." ఆ ఫోటోల్లో అందం ఏమీ లేదు. కానీ చూసి వెంటనే బండి మార్చుకుని బుక్ చేసేవాళ్లున్నారు.

ఫోన్‌తో తీసిన ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. పాత సైట్ అంత నెమ్మదిగా రావడానికి సగం కారణం అదే, పెద్ద ఫోటోలను అలాగే ఎక్కించేశారు. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మన సైట్ అడ్రస్ కొడితే ఎంతసేపట్లో తెరుచుకుంటుందో ఉచితంగా చెబుతుంది. తెర మీది ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు రావాలని వాళ్ల లెక్క. మాది 14 సెకన్లు చూపించింది. మూడు సెకన్లు దాటితే మొబైల్‌లో 53 శాతం మంది వదిలేసి వెళ్తారని గూగుల్ వాళ్లే 2016లో చెప్పారని తమ్ముడు అన్నాడు, వెంకటగిరి దాటాక ఫోన్ పట్టుకుని కూర్చున్న గుంటూరు పెద్దాయనే గుర్తొచ్చారు నాకు. స్క్వూష్ అనే ఉచిత పేజీలో ఒక్కో ఫోటో వెడల్పు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి, వంద కేబీకి తెచ్చాం. కంటికి ఏ తేడా లేదు. జరిగే ఫోటోలు తీసేశాం. ఇంకో చిక్కు కూడా ఉంది. కాల్ బటన్ నొక్కబోతుంటే పై ఫోటో ఆలస్యంగా వచ్చి పడి బటన్ కిందికి జారిపోయేది, వేలు ఇంకెక్కడో పడేది. పేజీ కోడ్‌లో ఫోటోకు పొడవు వెడల్పు ముందే రాసిపెడితే ఆ చోటు ఖాళీగా ఉండి, ఫోటో వచ్చి అందులో కూర్చుంటుంది. అంత చిన్న పని. ఇప్పుడు మా పేజీ రెండు సెకన్లలో తెరుచుకుంటోంది.

సైట్ భద్రత సంగతి కూడా అప్పుడే చూశాం. సైట్ సురక్షితమని బ్రౌజర్‌కు చెప్పే సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది, పాత సైట్‌కు అది ఎప్పుడో గడువు దాటింది, తెరిస్తే బ్రౌజర్ సురక్షితం కాదు అని హెచ్చరించేది. అడ్వాన్స్ పంపమని అడిగే సైట్ మీద అలా కనిపిస్తే ఎవరు పంపుతారు? అది ఉచితంగానే సరిచేసుకోవచ్చు, చేసుకున్నాం. అడ్రస్‌లో ఇంకా చిత్తూరు జిల్లా అని ఉంది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినా మార్చలేదు. అదీ మార్చాం.

తెలుగు అక్షరాల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది ఇంగ్లిష్ సైట్ల సలహాల్లో ఎక్కడా దొరకదు. తమ్ముడు తీసుకున్న టెంప్లేటు, అంటే రెడీమేడ్ డిజైన్, ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి చేసింది. అందులో తెలుగు పెడితే లైనుకూ లైనుకూ మధ్య చోటు చాలలేదు. "శ్రీకాళహస్తి"లో పైన గుడి దీర్ఘం తెగిపోయింది, కింద త ఒత్తు తర్వాతి లైను నెత్తిన ఎక్కింది. "అప్పలాయగుంట"లో ప ఒత్తు సగం మాయం. శీర్షికల్లో అక్షరానికీ అక్షరానికీ ఎడం ఇచ్చే సెట్టింగ్ ఉంది, ఇంగ్లిష్‌లో అది అందంగానే ఉంటుంది, తెలుగులో మాట విడిపోయినట్టు అయింది. బాగా లావు అక్షరాలు పెడితే గుండ్రాలన్నీ పూడిపోయి మ, య తేడా తెలియలేదు. మా అమ్మకు చూపిస్తే, "ఇదేంది, నల్లగా అతుక్కుపోయినట్టు ఉండాది" అంది. చివరికి నోటో సాన్స్ తెలుగు ఫాంట్ మామూలు మందంలో పెట్టి, లైన్ల ఎడం ఒకటిన్నర రెట్లకు పైన పెంచి, అక్షరాల ఎడం సున్నా చేశాం. అమ్మ కళ్లజోడు లేకుండా చదివేదాకా సైజు పెంచుతూ పోయాం. మన అక్షరాలకు చోటు కావాలి. ఆ చోటు ఇచ్చి చూస్తే పేజీకి ఎంత కళ వచ్చిందో చెప్పలేను.

మెషిన్ అనువాదం జోలికి మాత్రం పోకండి. ఒకసారి ప్రయత్నిస్తే బుకింగ్ బటన్ మీద పుస్తకం అని వచ్చింది. తెలుగు నేనే రాశాను, ఫోన్‌లో ఎలా చెబుతానో అలాగే. తమిళం పేజీని తిరుత్తణి వైపు నుంచి వచ్చిన మా డ్రైవర్ గారి కూతురు రాసింది, ఆయన చదివి రెండు మాటలు మార్చారు. భాష ఎంచుకునే చోట తమిళం అనే మాటను తమిళ లిపిలోనే పెట్టాం, తెలుగు రాని మనిషికి తెలుగులో "తమిళం" అని రాస్తే ఎలా తెలుస్తుంది?

అంతా అయ్యాక జనానికి చూపించి పరీక్షించాలన్నాడు తమ్ముడు. జేకబ్ నీల్సన్ అనే ఆయన, ఇలాంటివి పరిశోధించిన నిపుణుడు, అయిదుగురు వాడి చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని 2000లోనే రాశారట. నేను యాత్రికులు దిగే టీటీడీ వసతి గృహాల దగ్గర, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, రెండు సాయంత్రాలు నిలబడ్డాను. ఖాళీగా కూర్చున్నవాళ్లను పలకరించి, విషయం చెప్పి, "అమ్మా, మీ ఫోన్‌లో ఇది తెరిచి కాణిపాకానికి ఎంతో కనుక్కోండి" అని అడిగి పక్కన నిలబడేదాన్ని. షరతు ఒకటే, నేను మాట్లాడకూడదు. అది ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. ఇక్కడ నొక్కండి అని నోటి దాకా వస్తుంది.

అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ కారు ఫోటో మీద నాలుగుసార్లు నొక్కింది. ఏమీ కాలేదు. "ఇది పని చేయలేదు తల్లీ" అని ఫోన్ కింద పెట్టింది. రేట్లకు పోయే లింకు ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఆమె దాన్ని చూడనే లేదు. ఆమె చేసిందే సరైనది, కారు కావాలంటే కారునే కదా ముట్టుకుంటాం. ఆ రాత్రే ఫోటో నొక్కినా రేట్లు వచ్చేలా మార్చాం. ఇంకో అబ్బాయి బుకింగ్ ఫారం నింపుతూ ఈమెయిల్ దగ్గర ఆగిపోయాడు, వాళ్ల నాన్నకు బుక్ చేయాలి, నాన్నకు ఈమెయిల్ లేదు, అది ఇవ్వకపోతే ముందుకు పోనివ్వదు. ఆ ఫారంలో తొమ్మిది గడులుండేవి. మొత్తం తీసేసి వాట్సాప్ బటన్ పెట్టాం. నొక్కితే తేదీ, ఎంతమంది, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడెక్కడికి అని నాలుగు లైన్లు ముందే రాసి ఉన్న మెసేజ్ వస్తుంది, ఖాళీలు నింపి పంపితే చాలు. మూడో ఆయన ఎండలో నిలబడి చూస్తూ చేత్తో నీడ పట్టుకున్నారు. రేట్లు బూడిద రంగు అక్షరాల్లో ఉన్నాయి, ఏసీ గదిలో కూర్చుని చూసినప్పుడు మాకు ముచ్చటగా అనిపించిన రంగు. తిరుపతి ఎండలో అవి లేనట్టే. అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5కు 1 ఉండాలని ఒక ప్రమాణం ఉంది, తమ్ముడు కొలిస్తే మాది 3 కూడా లేదు. నల్లగా మార్చేశాం.

ఆ రెండు సాయంత్రాలు లేకపోతే ఈ మూడూ మాకు ఎప్పటికీ తెలిసేవి కావు.

తర్వాత ఒక్కో ట్రిప్పుకు ఒక్కో పేజీ చేశాను. కాళహస్తి పేజీ, కాణిపాకం పేజీ, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, కపిలతీర్థం కలిపి స్థానిక ఆలయాల పేజీ. గూగుల్‌లో వెతికేవాళ్లు మా ట్రావెల్స్ పేరుతో వెతకరు, ఊరి పేరుతో వెతుకుతారు, అదీ ఎక్కువగా తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి. ఏ మాటలతో వచ్చారో గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అనే ఉచిత పేజీలో కనిపిస్తుంది, నేను వారానికొకసారి చూసి, కొత్త మాట కనిపిస్తే నోట్‌బుక్‌లో ఎక్కిస్తాను. 2025 సెప్టెంబర్ 7న చంద్రగ్రహణం వచ్చింది. గ్రహణానికి తిరుమలతో సహా గుళ్లు మూస్తారు, కాళహస్తి మాత్రం తెరిచే ఉంటుంది. ఆ సంగతి ముందే పేజీలో రాసిపెట్టాను. ఆ వారమంతా దాన్ని చదివినవాళ్ల ఫోన్లే. అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పుడు కూడా అంతే, సొంత కార్లలో వచ్చేవాళ్లు మా పేజీ చదివారు. వాళ్లు మాకు గిరాకీ కాదు. అయినా రాశాను, దారి తెలియనివాళ్లకు చెప్పడం మా ఊళ్లో పుట్టినప్పటి నుంచి అలవాటే.

ఇప్పుడు రోజుకు వచ్చే బుకింగుల్లో మూడో వంతు సైట్ నుంచే. డీజిల్ రేటు మారినప్పుడల్లా నాన్న డ్రైవర్ల కన్నా ముందు నన్నే అడుగుతారు, "సైట్లో మార్చినావామ్మా?" అని. మార్చేదాకా పార్టీలకు కొత్త రేటు చెప్పరు.

నిన్న సాయంత్రం హిందూపురం నుంచి ఒకామె ఫోన్ చేసింది. రేటు అడగలేదు, బండి అడగలేదు, అవన్నీ చూసేసింది. "పిల్లాడికి పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నాం అక్కా. కళ్యాణకట్ట దగ్గర మంది ఉంటే ఎంతసేపైనా పట్టొచ్చు కదా, అంతవరకు మీ డ్రైవర్ కోప్పడకుండా ఆగుతాడా?" అంది. ఆగుతాడమ్మా అని చెప్పాను. పెట్టేశాక పేజీ తీసి చూశాను, ఆ మాట ఎక్కడా లేదు. ఆమె మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకుని, డ్రైవర్లు నలుగురికీ ఫోన్ చేశాను, వెంట్రుకల మొక్కుకు వచ్చినవాళ్లకు ఎన్ని గంటలు వెయిటింగ్ వదిలేద్దాం అని అడగడానికి.